సూర్యుని మోట – బావి లెక్క

కృష్ణానది ప్రక్కనుండియే ప్రవహించుచున్నను ఆ నీటికి పూర్తిగా నోచుకొనని సీమ మన జగ్గయ్యపేట, నందిగామల మెట్ట. వేదాద్రికడను ముక్త్యాలకడను నది పాఱుచుండును. ఒడ్డున నిలిచిన రైతు దానిని కన్నులార చూచుచుండును. కాని యాతని పొలము మిట్టమీదిది, నది పల్లమునది. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైనప్పుడు సస్యశ్యామలమైనది దాని దిగువనున్న డెల్టా. 2013లో పులిచింతలయందు 45.77 టి.ఎం.సి.ల జలాశయము వెలసినప్పుడును దాని ముఖ్యోద్దేశము డెల్టా ఆయకట్టును స్థిరపఱచుటయే. నాగార్జునసాగరపు టెడమకాలువ ఈ సీమను తాకినమాట నిజము. దానివలన ననేక గ్రామములు బాగుపడినమాటయు నిజము. అయినను నల్లగొండ, ఖమ్మము ప్రాంతములను దాటి వచ్చు ఆ కాలువకు మనవి చివరి భూములు. తల నిండుగా నున్నను తోక యెండుట కాలువలకు సహజము.

ఏఱులు లేవా యన్నచో, ఉన్నవి. మున్నేఱు, వైరా, పాలేఱు ఈ సీమనుండియే పోవుచున్నవి. 2023 జూలైలో మున్నేఱు పొంగి ఐతవరమువద్ద జాతీయరహదారిమీదుగా పాఱినది. 2024 సెప్టెంబరు 1వ తేదీని పాలేటి వరద గరికపాడు వంతెనను దెబ్బతీసినది. బెజవాడ–హైదరాబాదు రాకపోకలు రెండుమాఱులును స్తంభించినవి. ఇట్లు వానకాలమున దారులను ముంచిన నీరు వేసవినాటికి మిట్టపొలముల కందకుండ పోవుచున్నది. అందుచేత మెట్టరైతునకు బావియే కాలువ, బావియే చెఱువు. 2022 ఏప్రిల్ 4వ తేదీని ఈ ప్రాంతము కృష్ణాజిల్లానుండి విడిపోయి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినది గాని బావి లోతు మాఱలేదు.

ఆ బావినుండి నీరు తోడుటకు మన తాతలు ఏతమెక్కిరి, మోటకు ఎడ్లను కట్టిరి. తండ్రులు ఆయిలు ఇంజనులు పెట్టిరి. తరువాత కరెంటు మోటారు వచ్చినది. ఇప్పుడు పొలము నడుమ నల్లని పలకలు ఆకసమువైపు మొగము త్రిప్పి నిలుచుచున్నవి. ఎద్దు లేదు, చమురు లేదు, తీగ లేదు. పొద్దు పొడిచిన కొంతసేపటికి నీరు వచ్చును. పొద్దు గ్రుంకువేళకు ఆగును. ఈ సూర్యుని మోటను గూర్చియే నేడు మా పాఠకులతో ముచ్చటింప దలచితిమి.

ఇది నిన్న పుట్టిన ఊహ కాదు. 1878లోనే బొంబాయిలో విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయోద్యోగి అద్దములతో ఎండను బాయిలరుమీదికి మరలించి, ఆ యావిరితో రెండున్నర అశ్వశక్తుల నీటిపంపును నడపి చూపెను. ఉష్ణదేశములకు బొగ్గు బదులు ఎండ చాలునని ఆతడొక గ్రంథమే వ్రాసెను. 1913లో ఫ్రాంక్ షూమన్ అను అమెరికా దేశస్థుడు ఈజిప్టులో కైరోకు సమీపముననున్న మాదియందు అద్దపు తొట్లను నెలకొల్పి నైలునది నీటిని పొలములకు ఎత్తించెను. మరుసటి యేడే మహాయుద్ధము వచ్చి ఆ ప్రయత్నము మూలబడినది. 1954లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చు బిళ్లను సిద్ధపఱచిన తరువాతనే ఈ విద్యకు క్రొత్తదారి తెఱవబడినది. నేడు మన చేలలో నిలిచియున్నవి ఆ బిళ్లల కూర్పులే. ఆవిరి లేదు, బాయిలరు లేదు. ఎండ పడినంతనే పలకలో విద్యుత్తు పుట్టును. నియంత్రణపెట్టె దానిని మోటారునకు అనువుగా సర్దును. మబ్బు పట్టిన మోటారు మెల్లగా తిరుగును. మధ్యాహ్నమున మిక్కిలి వేగముగా తిరుగును.

దీనిని పొలములో నెలకొల్పుటలో కొన్ని జాగ్రత్తలు కలవు. మన ప్రాంతమున పలకలు దక్షిణమునకు మొగమై, నేలకు సుమారు పదునేడు డిగ్రీల వాలుగా నుండవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. కావున స్తంభములకు పునాదులు లోతుగా పడనిచో రెండేండ్లకే అవి ఒరగును. నందిగామ, కంచికచర్ల ప్రాంతములలో సుబాబుల్ తోటలు విస్తారముగా పెరుగుచున్నవి. నేడు మోకాలెత్తుననున్న గట్టుప్రక్క మొక్క మూడేండ్లలో నీడనిచ్చు మ్రానగును. ఒక్క పలకమీద నీడ పడినను దానితో గొలుసుగా కట్టిన పలకలన్నిటి బలము తగ్గును. సున్నపురాతి గనులు, లారీల బాటలు ఉన్న జగ్గయ్యపేట ప్రాంతమున పలకలమీద దుమ్ము త్వరగా పేరుకొనును. తెల్లవాఱుజామున, పలక చల్లగా నున్నప్పుడే, మంచినీటితో మెత్తని గుడ్డ పెట్టి కడుగవలెను. కాగిన పలకమీద చన్నీరు గ్రుమ్మరింపరాదు. పిడుగునకు రక్షణ, నేలకు ఎర్తు తప్పక యుండవలెను. ఇవి చిన్నమాటలవలె కనబడును గాని ఇరువదియైదేండ్లు పనిచేయవలసిన వస్తువు ఐదేండ్లకే మూలబడుట ఇట్టి చిన్నమాటలను మఱచుటవలననే.

ఇక లెక్క చూతము. 5 అశ్వశక్తుల మోటారునకు సాధారణముగా 4,800 వాట్ల పలకలు పెట్టుదురు. నిర్మలమైన దినమున మన యెండ సుమారు ఐదుగంటల పూర్తి తీక్ష్ణతకు సమానము. అనగా దినమునకు 24 యూనిట్లు. మోటారులోను పంపులోను గొట్టములలోను పోవునది పోగా నీటిని పైకెత్తుటకు నికరముగా మిగులునది సుమారు 10 యూనిట్లు. దానితో 50 మీటర్ల లోతునుండి సుమారు 70,000 లీటర్ల నీరు వచ్చును. బోదెలనిండ పాఱించి ఎకరమునకు రెండంగుళముల తడి ఇయ్యవలెనన్న 2,00,000 లీటర్లు కావలెను. ఎకరమునకు మూడు దినములు పట్టును. అదే నీటిని డ్రిప్పు గొట్టములద్వారా చెట్టు మొదటికి బొట్లుబొట్లుగా ఇచ్చినచో, మిరపతోటకు దినమునకు ఎకరమునకు 17,000 లీటర్లు చొప్పున నాలుగెకరములు తడియును. యంత్రమొకటే, ఎండ యొకటే, బావి యొకటే. నీటిని వాడు తీరునుబట్టి ఒకరికి ఎకరము తడియుటకే మూడునాళ్లు, మఱొకరికి ఒక్కనాటనే నాలుగెకరములు.

ఈ లెక్క పుస్తకములోనిది. పొలములోని లెక్క వేఱొకటి కలదు. ఈమధ్య మేము నందిగామకు పడమటనున్న ఒక గ్రామమునకు పోయియుంటిమి. కరెంటు స్తంభములకు దూరముగానున్న నాలుగెకరముల మిరపతోటలో ఒక రైతు సూర్యుని పంపు పెట్టించుకొనెను. అంతకుముందు డీజిలు ఇంజనుతో ఆతడు పడిన బాధ యింతంత గాదు. పంపు వచ్చిన మొదటి యేడు చమురు ఖర్చు మిగిలినదనియు, రాత్రులు ఇంజనువద్ద కాపలా తప్పినదనియు ఆతడు చెప్పుచుండగా మాకును సంతోషము కలిగినది. అంతలో గట్టు అవతలి ముసలి రైతు వచ్చి చేరెను. ఆయన అన్నమాటలు మా చెవులలో నేటికిని మెదలుచున్నవి.

"మా అబ్బాయి తప్పేం లేదండీ. పొద్దు పొడిస్తే అదే తిరుగుతుంది, పొద్దు గుంకితే అదే ఆగుతుంది. నా బావి మాత్రం శివరాత్రికే అడుగంటింది."

రైతు తల వంచుకొని, "నేను ఆపితే మాత్రం ఏం లాభం బాబాయ్? నేను ఆపిన నీళ్లు అవతలి బోరువాళ్లు లాగరా?" అనెను.

ఆ ముసలాయన మాఱు పలుకలేదు. మాకును వెంటనే సమాధానము తోచలేదు.

ఈ రెండు మాటలలో సమస్త సమస్యయు ఇమిడియున్నది. ఎడ్లతో మోట తోలిన కాలమున ఎడ్లు అలసినప్పుడు బావి విశ్రమించెడిది. డీజిలు ఇంజను దినములలో రైతు జేబు అలసినప్పుడు విశ్రమించెడిది. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట జేబునకు అలసట పోయినది. అయినను కరెంటు ఇచ్చు వేళలకొక హద్దుండుటచే బావికి కొంత ఊపిరి తీసికొను వ్యవధి దొరకినది. సూర్యుడు అలయడు, బిల్లు పంపడు, వేళలు ప్రకటింపడు. ఎండ వెలలేనిది గనుక నీరును వెలలేనిదే యను భ్రాంతి కలుగును. సూర్యుడు నేలనుండి నీటిని గ్రహించి వానగా తిరిగి యిచ్చునని మన పూర్వులు ఆయనను కొనియాడిరి. ఈ పంపుద్వారా సూర్యుడు గ్రహించుట యొక్కటే చేయుచున్నాడు. తిరిగి యిచ్చు పని మనమీద పడినది.

ఇందువలన సూర్యుని పంపు వలదని మే మనుటలేదు. అట్లనువారు రాత్రివేళ చీకటిలో పురుగుపుట్రల నడుమ మోటారు దగ్గఱకు పోయిన రైతు కష్టము ఎఱుగనివారు. మా వాదమంతయు ఒక్కటే: పంపు పెట్టిన దినముననే బావికి లెక్క పెట్టవలెను. పంపునకు రాయితీ ఇచ్చు చేయి, లెక్క అడుగు నోరు ఒకచోటనే యుండవలెను.

మొదటి ప్రశ్న, ఈ పంపు ఎవరికి ముందు చేరవలెననునది. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకమున విడిగా నిలుచు సౌరపంపులకు వెలలో నూటికి 30 వంతులు కేంద్రము, 30 వంతులు రాష్ట్రము భరింపవలెననియు, రైతు వాటా 40 వంతులనియు, అందులో 30 వంతులవఱకు బ్యాంకు అప్పుగా ఇయ్యవచ్చుననియు నిర్ణయించిరి. లక్ష రూపాయలకు నలువదివేలు! ఉచితముగా కరెంటు అందుచున్న రైతు తన చేతి సొమ్ము పెట్టి సూర్యుని పంపును ఏల కొనును? ఆతడు కొనకపోవుట అజ్ఞానము కాదు, లెక్క యెఱిగియుండుటయే. కావున తీగ చేరని పొలముల వారికిని, నేటికిని డీజిలు కాల్చుచున్న కౌలుదారునకును, చిన్న కమతగానికిని ఈ పంపులు ముందుగా చేరవలెను. స్తంభము ప్రక్కనున్నవారికి ఒక్కొక్క పంపు ఇచ్చుటకంటె, ఆ పొలములకు కరెంటునిచ్చు ఫీడరునే సూర్యశక్తితో నడపుట చౌక. ఆ మార్గమునకు ఆ పథకముననే చోటు కల్పింపబడినది. కౌలుదారుని మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాము. పట్టా పేరుగలవానికే యంత్రము, చెమటోడ్చువానికి చేను అన్నచో ఈ సాయము సగమే సాయము.

రెండవ ప్రశ్న, నీటి లెక్క యెవరు చూడవలెననునది. 2002లో చేసిన వాల్టా చట్టము బావుల నమోదును, త్రవ్వకమునకు అనుమతిని విధించినది. చట్టమున్నది. కాని ఉద్యోగి ఒకడు వేయి బోర్లను కనిపెట్టజాలడు. ఆ బోర్ల యజమానులు మాత్రము ఒకరినొకరు కనిపెట్టగలరు. ఇది మేము ఊహించి వ్రాయుచున్నది కాదు. ఉమ్మడి రాష్ట్రమందలి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ సాయముతో ఒక భూగర్భజల కార్యక్రమము నడచినది. అందు రైతులే వానను కొలిచిరి, బావులలో నీటిమట్టమును కొలిచిరి. రబీ ఆరంభమున ఒకచోట గూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన నీరెంత యని లెక్క కట్టిరి. చాలనప్పుడు ఏ పైరు వేయవలెనో ఎవరికి వారు నిర్ణయించుకొనిరి. ఎవరిమీదను జుల్మానా లేదు, నిర్బంధము లేదు. గోడమీద వ్రాసిన అంకెలే వారికి పెద్దమనుష్యుల తీర్పులైనవి. ఆ యేడు జిల్లాలలో మన మెట్ట లేదు. ఇకనైన ఇచ్చట అట్టి లెక్క మొదలు కావలెను. "నేను ఆపిన అవతలివాడు లాగడా?" యను ప్రశ్నకు, అవతలివాడును అదే గోడముందు నిలిచి అదే యంకెను చూచుటకంటె వేఱు సమాధానము లేదు.

మూడవది, పంపుతో పాటు డ్రిప్పు గొట్టములును పోవలెను. పైన చూపిన లెక్క దీనికి చాలిన సాక్ష్యము. పత్తికి, మిరపకు, కూరగాయలకు ఇది అసాధ్యము కాదు. దానితోడనే ఊరి చెఱువు పూడిక తీయుట, వాగులమీద చిన్న అడ్డుకట్టలు కట్టుట జరుగవలెను. మున్నేటి వరదలో మన కన్నులయెదుట పోయిన నీటిలో కొంతయైన నేలలోనికి ఇంకినచో బావికి అది తిరిగి చెల్లించిన అప్పు.

నాల్గవది మిక్కిలి ముఖ్యమైనది. పైరునకు నీరు అక్కఱలేని దినములలో ఆ పలకల విద్యుత్తు ఏమగుచున్నది? 4,800 వాట్ల పలకలు ఏటికి సుమారు 7,000 యూనిట్లు పుట్టింపగలవు. మోటారు నడచునది నూటయేబది దినములనుకొన్న సగము వృథా. ఆ సగమును వాడుకొను మార్గము లేనప్పుడు, ఊరక పోవు ఎండ కదాయని అక్కఱలేని నీటిని తోడు బుద్ధి పుట్టును. బహుప్రయోజనముగల నియంత్రణపెట్టె పెట్టినచో అదే విద్యుత్తుతో పిండిమర నడపవచ్చును, పశువులకు మేత కత్తిరించు యంత్రము నడపవచ్చును. మిరప పండించు సీమలో ఇంటిముంగిటనే కారము ఆడించుకొనుట చిన్న లాభము కాదు.

అంతకంటె మేలైన దారిని గుజరాతురైతులు చూపిరి. 1918లో సత్యాగ్రహముచే ప్రసిద్ధికెక్కిన ఖేడా జిల్లాలో ధుండి యను చిన్న గ్రామము కలదు. 2016లో అచ్చటి కొందఱు చిన్నరైతులు తమ సౌరపంపులను కలిపి సహకారసంఘముగా ఏర్పడి, మిగిలిన విద్యుత్తును పంపిణీసంస్థకు యూనిటుకు 4 రూపాయల 63 పైసల చొప్పున అమ్ముటకు ఇరువదియైదేండ్ల ఒడంబడిక చేసికొనిరి. దీని మర్మము గ్రహింపదగినది. తోడిన నీటికి ధర లేదు, తోడక మిగిల్చిన విద్యుత్తునకు ధర కలదు. అట్టిచోట మోటారు నాపుట త్యాగము కాదు, ఆదాయము. ముసలి బాబాయి బావిని కాపాడుటకు కుఱ్ఱరైతు ధర్మబుద్ధి నొక్కదానినే నమ్ముకొననక్కఱలేదు. ఆతని లాభమే ఆ బావికి కావలి కాయును. ఇట్టి సంఘము నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఒక్కటి యేర్పడి నడచినచో వేయి ఉపన్యాసములకంటె నెక్కువ పని చేయును. తీగ దగ్గఱలోనున్న గ్రామములలో దీనిని మొదట ప్రయత్నింపవచ్చును.

ఒక్క మాట స్వదేశీని గూర్చి. ఎండ మనదైనను పలక పరులదైనచో స్వావలంబనము సగము మాత్రమే. సబ్సిడీతో ఇచ్చు పంపులకు ఈ దేశమున తయారైన పలకలు, ఈ దేశమున తయారైన బిళ్లలే వాడవలెనను నియమము కుసుమ్ పథకమున చేర్పబడినది. 2022 ఏప్రిల్ నుండి విదేశపు పలకలమీద నూటికి 40 వంతుల సుంకమును విధించిరి. ఇవి యుక్తములే. కాని స్వదేశీ యనగా కర్మాగారమునకే పరిమితమైనది కాదు. నియంత్రణపెట్టె పాడైన దినమున పూత దశలోనున్న మిరప నీటికై వారము దినములు ఎదురుచూడజాలదు. ఐదేండ్ల మరమ్మతుల పూచీ కాగితముమీద నుండుట చాలదు. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఆ పని తెలిసిన మన కుఱ్ఱవాడు, కావలసిన విడిభాగములతో, పిలిచిన దినముననే రాగలిగియుండవలెను. ఐ.టి.ఐ. చదివిన యువకులు మన గ్రామములలో కొదువ లేదు. వారికి ఈ విద్య నేర్పుట పంపు నిచ్చుటలో భాగమే గాని వేఱు పని కాదు.

ప్రభుత్వమువారు ఎన్ని పంపులు నిలిపితిమని లెక్క చెప్పుకొందురు. అది చెప్పుకొనదగిన లెక్కయే. కాని పదేండ్ల తరువాత మెట్టరైతు అడుగునది ఆ లెక్క కాదు. పంపు దిగిననాడు బావిలో నీరు ఎన్ని మీటర్ల లోతున నుండెను, నేడు ఎన్ని మీటర్ల లోతున నున్నదని యడుగును. ఆ రెండవ లెక్కను ఈనాటినుండియే ప్రతి గ్రామమున, ప్రతి వేసవికిని, అందఱును చూచుచోట గోడమీద వ్రాయవలెనని మేము ప్రభుత్వమువారిని, పంచాయతులను, ముఖ్యముగా రైతుసోదరులను కోరుచున్నాము. ఆ పనికి రాయితీ అక్కఱలేదు. ఒక త్రాడు, ఒక రాయి, ఒక సుద్దముక్క చాలును.

ఆ గ్రామమునకు మేము మరల పోవుదుము. శివరాత్రి దాటిన పిమ్మట ఆ ముసలాయన బావిలో నీరున్నదో లేదో చూచి, ఆ సంగతి మా పాఠకులకు తెలియజేయుదుము.